మొక్కజొన్న గింజలో ప్రోటీన్ నాణ్యతకు వడపోత: లైటు బల్ల నుంచి ట్రిప్టోఫాన్ పరీక్ష దాకా

మామూలు మొక్కజొన్నలోనైనా, క్యూపీఎం అని పిలిచే నాణ్యమైన ప్రోటీన్ మొక్కజొన్నలోనైనా మొత్తం ప్రోటీన్ ఇంచుమించు ఒకటే, నూటికి 9, 10 పాళ్ళు. తేడా అంతా ఆ ప్రోటీన్‌లో ఏముందన్న దాంట్లో ఉంది. మామూలు గింజ ప్రోటీన్‌లో సగం దాకా జెయిన్ అనే రకం. అందులో లైసిన్, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాలు దాదాపు శూన్యం. కోడికైనా మనిషికైనా ఈ రెండూ లోపిస్తే తిన్న మిగతా ప్రోటీన్ కూడా ఒంటికి పట్టదు. 1964లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో మెర్ట్జ్, బేట్స్, నెల్సన్ ఒక సంగతి తేల్చారు. ఒపేక్-2 అనే జన్యువు అంతర్గత రూపంలో (జంటగా చేరితేనే గుణం బయటపడే రూపంలో) ఉన్న గింజలో జెయిన్ తగ్గి, లైసిన్, ట్రిప్టోఫాన్ రెట్టింపు దాకా పెరుగుతాయి.

ఆ గింజకు వేరే చిక్కు వచ్చిపడింది. సుద్దముక్కలా మెత్తగా, తేలికగా ఉండేది. ముక్కుపురుగుకు తేరగా దొరికేది, బూజు పట్టేది, ఆరడానికి ఆలస్యమయ్యేది, దిగుబడీ తగ్గేది. మన దేశంలో 1971లో విడుదలైన శక్తి, రతన్, ప్రోటీనా ఈ మెత్తదనం వల్లే రైతు దగ్గర నిలబడలేదు. తర్వాత మెక్సికోలోని సిమిట్ అనే అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధన సంస్థలో సురీందర్ వాసల్, ఎవాంజెలీనా విల్లెగాస్ ఏళ్ళ తరబడి గింజలు ఏరి, ఒపేక్-2 గుణం చెడకుండా గింజను గట్టిపరిచే సవరణ జన్యువులను పోగుచేశారు. ఇద్దరికీ 2000లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. వాళ్ళ పనిలో గుండెకాయ ఇక్కడ చెప్పబోయే గింజల వడపోతే.

వడపోతలో దిగేముందు ఒక మాట గట్టిగా పట్టుకోవాలి. క్యూపీఎం గింజలో మూడు వేర్వేరు సంగతులు కలవాలి. ఒకటి, ఒపేక్-2 అంతర్గత జన్యువు జంటగా ఉండటం. రెండు, గింజను గట్టిచేసే సవరణ జన్యువులు. మూడు, ఆ గట్టిదనం వచ్చాక కూడా ట్రిప్టోఫాన్, లైసిన్ పడిపోకుండా కాచే మరికొన్ని జన్యువులు. కింది నుంచి వెలుగు వచ్చే లైటు బల్ల మీద కనిపించేది రెండోది మాత్రమే. మొదటిదాన్ని మార్కరు, అంటే జన్యువును పట్టిచ్చే డీఎన్‌ఏ గుర్తు చెబుతుంది, మూడోదాన్ని ప్రయోగశాల చెబుతుంది. ఒక్క పరీక్షను నమ్ముకుని మూడూ తేలాయనుకుంటే నాలుగైదు తరాల శ్రమ బూడిదలో పోసినట్టే.

పొలంలో మొదలుపెట్టాలి

గింజ మీద వడపోత గింజ ఏర్పడే రోజునే మొదలవుతుంది. ఎండోస్పెర్మ్‌లో, అంటే గింజలోని పిండి భాగంలో, జన్యువులు మూడు ప్రతులు ఉంటాయి, తల్లివి రెండు, తండ్రిది ఒకటి. తల్లి మొక్క అచ్చంగా ఒపేక్-2 రకమే అయినా, పక్క చేలోంచి మామూలు మొక్కజొన్న పుప్పొడి వచ్చి పడితే చాలు, ఆ ఒక్క ప్రతి వల్ల గింజ గట్టిగా, వెలుగు దూరే గాజులా తయారవుతుంది. మీరు దాన్ని చూసి ‘ఎంత చక్కగా గట్టిపడింది’ అనుకుని ఏరుకుంటారు. నిజానికి అది కల్తీ గింజ. ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతీసే పొరపాటు ఇదే.

దర్శి వైపు సాగర్ కుడి కాలువ ఆయకట్టులో రబీ మొక్కజొన్న చేలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. 400 మీటర్ల ఎడం దొరికితే మంచిదే కానీ, ఎంపిక చేసే మొక్కలకు ఎడంతో సరిపెట్టకూడదు, సంచి కట్టాల్సిందే.

పీచు బయటికి రాకముందే కండెకు బటర్ పేపర్ సంచి తొడగండి. పీచు కనిపించాకనా, అప్పటికే ఆలస్యమైనట్టు. పరాగ సంపర్కానికి ముందురోజు సాయంత్రం జల్లుకు (మగపూతకు) గోధుమరంగు సంచి కట్టి అడుగున క్లిప్పు వేయండి. రాత్రికి పాత పుప్పొడి, పరాయి పుప్పొడి చచ్చిపోతాయి. పొద్దున మంచు పూర్తిగా ఆరాకే, చలికాలంలో సుమారు 9 గంటల తర్వాత, జల్లును సంచిలో దులిపి అదే మొక్క కండె మీద పోయాలి. తడి పుప్పొడి ముద్దకట్టి పనికిరాదు. కండె సంచిని తీసి పుప్పొడి పోసి మళ్ళీ మూయడం రెప్పపాటులో అయిపోవాలి. సంచి మీద పెన్సిలుతో వరుస, మొక్క నంబరు, తేదీ రాయండి. బాల్ పెన్ను రాత మంచుకు కారిపోతుంది.

నత్రజని చేనంతటా ఒకే తీరుగా వేయడం కూడా వడపోతలో భాగమే. నత్రజని తక్కువైన చోట జెయిన్ తక్కువగా తయారై మామూలు గింజ కూడా మెత్తబడుతుంది. పైగా మిగిలిన ప్రోటీన్‌లో లైసిన్ వాటా ఎక్కువగా కనిపిస్తుంది. అంటే ఆకలితో ఉన్న మొక్క మంచి రకంలా నటిస్తుంది. గట్ల పక్క వరుసలను, నీరు నిలిచే పల్లాన్ని ఎంపికలోంచి తీసేయండి. ప్రతి 20 వరుసలకు, పోల్చి చూసుకోవడానికి మూడు తూకపు వరుసలు వేయండి: ఒకటి మామూలు హైబ్రిడ్, ఒకటి మెత్తని ఒపేక్-2, ఒకటి తెలిసిన క్యూపీఎం. హర్యానా వ్యవసాయ విశ్వవిద్యాలయం కర్నాల్ కేంద్రం ఇచ్చిన హెచ్‌క్యూపీఎం-1, దాని తల్లిదండ్రులైన హెచ్‌కెఐ 193-1, హెచ్‌కెఐ 163 లాంటివి ఇందుకు సరిపోతాయి. సంకరంలో ఒపేక్-2 జన్యువును అందించే దాతలుగానూ పనికొస్తాయి.

కోత, ఆరబోత

గింజకు గాజు మెరుపు ఆరే కొద్దీ వస్తుంది. 18, 20 శాతం తేమ ఉన్న గింజను లైటు బల్ల మీద పెడితే వచ్చిన అంచనా పనికిరాదు. 12 శాతానికి ఆరాకే చూడాలి. నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. ఖరీఫ్ కండెలు ఆ వాయుగుండాల్లో తడిసి బూజు పడతాయి. బూజు గింజ లైటు మీద అచ్చం ఒపేక్‌లా నల్లగా కనబడుతుంది. అందుకే ఎంపిక తరాలను రబీలో, అక్టోబరు ఆఖరు నుంచి నవంబరు మధ్యలో విత్తి, ఫిబ్రవరి, మార్చిలో కోసుకోవడం తెలివైన పని. పొడి వాతావరణం మీ పక్షాన ఉంటుంది.

అలాగని మార్చి మధ్యాహ్నపు ఎండలో సిమెంటు కళ్ళంలో పరవకండి. గింజ లోపల సన్న పగుళ్ళు వస్తాయి. లైటు మీద అవి వెంట్రుకల్లాంటి గీతలుగా కనబడి లెక్క తప్పిస్తాయి. కండెలను వలసంచుల్లో వేసి గాలి ఆడే నీడలో వేలాడదీయండి. కత్తెర పురుగు తొలిచిన కండె కొనలను కోసి పారేయండి. ప్రతి కండెను విడిగా వొలిచి, విడి కవర్లో, అదే నంబరుతో ఉంచాలి. వొలిచేటప్పుడు కొన దగ్గరి చిన్న గింజలు, మొదట్లోని గుండ్రని గింజలు పక్కన పెట్టి, నడిమి గింజలే బల్ల మీదికి తీసుకోండి.

లైటు బల్ల

కొనక్కర్లేదు, వడ్రంగి చేత చేయించుకోవచ్చు. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, ఆరంగుళాల లోతున్న చెక్కపెట్టె. లోపల తెల్లరంగు. అడుగున రెండడుగుల ఎల్‌ఈడీ ట్యూబులు మూడు, సమాన దూరంలో. పైన 5 మిల్లీమీటర్ల పాలరంగు అక్రిలిక్ పలక. పాత ఫిలమెంటు బల్బులు వద్దు, వేడికి గింజ మరింత ఆరి పగులుతుంది. గది చీకటిగా ఉండాలి. కిటికీలోంచి పక్కవాటు వెలుతురు పడితే గింజ పైపొర మెరుపును లోపలి మెరుపుగా భ్రమపడతారు. గింజలు లేని చోట నల్లకాగితం పరిస్తే కళ్ళకు వెలుగు కొట్టదు.

గింజలన్నిటినీ ఒకే వైపు పెట్టాలి, మొలక ఉన్న మొహం కిందికి, వీపు మీకు కనిపించేలా. మొలక భాగం ఎప్పుడూ నీడగానే ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. గింజ తొడిమ కొనను కూడా. మిగిలిన కండలో ఎంత భాగం వెలుగును ఆపుతోందో చూసి మార్కు వేయాలి:

1: వెలుగు అంతటా దూసుకొస్తుంది, పూర్తి గాజు.
2: నాలుగో వంతు నీడ.
3: సగం నీడ.
4: ముప్పాతిక నీడ.
5: మొత్తం సుద్ద, వెలుగు రాదు.

గంటకు మించి ఏకబిగిన చూడకండి. కన్ను అలసిన కొద్దీ 3 కాస్తా 2గా కనిపించడం మొదలవుతుంది. తూకపు వరుసల గింజలను ఒక గాజు పళ్ళెంలో, ఒక్కో మార్కుకు పది చొప్పున, పక్కనే ఉంచుకుని ప్రతి పావుగంటకు ఒకసారి చూసుకోండి. ఇద్దరు విడివిడిగా మార్కులు వేసి పోల్చుకుంటే ఇంకా మంచిది. పసుపుపచ్చ గింజకూ తెల్లటి గింజకూ వెలుగు ఒకేలా పడదు. రెండు రంగులనూ ఒకే పళ్ళెంతో తూచకండి.

స్థిరపడిన కండెకు సగటు మార్కు ఇలా వస్తుంది. 50 గింజల్లో 1 మార్కువి 6, 2వి 22, 3వి 15, 4వి 5, 5వి 2 ఉన్నాయనుకుందాం. 6 + 44 + 45 + 20 + 10, మొత్తం 125. దాన్ని 50తో భాగిస్తే 2.5. సగటుతో పాటు చెదురును కూడా రాసుకోండి. 2.5 సగటు ఉన్న రెండు కండెల్లో ఒకటి అంతా 2, 3 మార్కులతో, మరొకటి సగం 1, సగం 4తో ఉండొచ్చు. రెండోది ఇంకా స్థిరపడక రకరకాల గింజలుగా విడిపోతోంది, లేదా దానికి పరాయి పుప్పొడి తగిలింది.

ఏ తరంలో ఏ గింజ ఏరాలి

ఇక్కడే కొత్తవాళ్ళు తికమక పడతారు. కండె మీది గింజ మొక్క కంటే ఒక తరం ముందుంటుంది. మామూలు లైనుకు, క్యూపీఎం దాతకు చేసిన సంకరం మీది గింజలన్నీ గాజుగానే ఉంటాయి. వాటిని బల్ల మీద పెట్టడం వల్ల ఏమీ తెలియదు. ఆ గింజల్ని విత్తి, వచ్చిన ఎఫ్1 (మొదటి తరం సంకర) మొక్కను స్వపరాగం చేస్తే, అంటే దాని పుప్పొడినే దాని కండె మీద పోస్తే, ఆ కండె మీద ఎఫ్2 (రెండో తరం) గింజలు విడివిడిగా కనిపిస్తాయి. 320 గింజల కండెలో 80 దాకా ఒపేక్-2 జంటవి ఉండాలి. బల్ల మీద తేలేవి అంతకంటే తక్కువే వస్తాయి. పూర్తిగా గట్టిపడిన కొన్ని 1 మార్కు గుంపులో కలిసిపోతాయి.

ఎఫ్2లో 2, 3 మార్కుల గింజలే ఏరండి. 1 మార్కు గింజ ఎంత అందంగా ఉన్నా వద్దు. అది మంచి సవరణ జన్యువులున్న ఒపేక్ కావచ్చు, మామూలు గింజ కావచ్చు, రెంటినీ కన్ను విడదీయలేదు. లెక్క ప్రకారం మామూలు గింజ అయ్యే అవకాశమే చాలా ఎక్కువ. 4, 5 మార్కులవి ఒపేక్ అని నమ్మకంగా చెప్పొచ్చు కానీ, వాటిలో గట్టిపరిచే జన్యువులు తక్కువ. ఎఫ్3, ఎఫ్4 తరాలకు కండె మొత్తం ఒపేక్-2 జంటగా స్థిరపడిందని మార్కరుతో తేలాక, అప్పుడు 1, 2 మార్కుల వైపు జరగవచ్చు. అప్పుడూ ప్రయోగశాల ఫలితం చేతిలో పెట్టుకునే.

బ్యాక్‌క్రాస్‌లో బల్ల గుడ్డిది. ఎఫ్1ను మళ్ళీ మామూలు తల్లితో కలిపితే గింజల్లో సగం మామూలువి, సగం ఒక ప్రతి ఒపేక్ మోసేవి, రెండూ గాజే. మార్కరు లేకపోతే ప్రతి తరంలో ప్రతి మొక్కనూ స్వపరాగం చేసి, విడిపోయే కండె ఏదో వెతకాలి. ఆ ఒక్క పనికే ఒక పంటకాలం పోతుంది. అల్మోరాలోని వివేకానంద పర్వతీయ కృషి పరిశోధన సంస్థ మార్కరు సాయంతోనే తమ వివేక్ హైబ్రిడ్-9 తల్లిదండ్రులను మార్చి, 2008లో వివేక్ క్యూపీఎం-9 తెచ్చింది.

మార్కరు

ఒపేక్-2 జన్యువు ఏడో క్రోమోజోమ్ మీద ఉంది. దాని లోపలే ఉన్న మూడు మార్కర్లు వాడుకలో ఉన్నాయి: ఫై057, యూఎంసీ1066, ఫై112. మొదటి రెండూ రెండు ప్రతులనూ విడిగా చూపుతాయి, కాబట్టి సంకర మొక్కను గుర్తించొచ్చు. ఫై112 అలా చూపదు. జెల్ మీద బ్యాండు (డీఎన్‌ఏ గీత) రాకపోతే అది జన్యువు తీరా, డీఎన్‌ఏ ప్రతులు పెంచే పీసీఆర్ విఫలమా తెలియదు. అందుకే దాన్ని ఒంటరిగా నమ్మకండి.

పని మొదలయ్యే ముందే దాత, గ్రహీత లైన్ల డీఎన్‌ఏలను పక్కపక్కన నడిపి చూడండి. రెంటికీ బ్యాండు ఒకే ఎత్తులో వస్తే ఆ మార్కరు మీ సంకరానికి పనికిరాదు, రెండోదానికి మారండి. బ్యాండ్ల మధ్య ఎడం చిన్నది. మామూలు పల్చటి అగరోజ్ జెల్‌లో కలిసిపోతాయి. 3.5 నుంచి 4 శాతం అగరోజ్ కావాలి, తక్కువ వోల్టేజీలో ఎక్కువసేపు నడపాలి. మొలిచిన 12, 15 రోజుల మొక్క లేత ఆకు తీసుకుంటే పూతకు చాలాముందే ఫలితం చేతికొస్తుంది. అక్కర్లేని మొక్కలను పీకేసి సంచుల ఖర్చు, కూలి మిగుల్చుకోవచ్చు.

ట్రిప్టోఫాన్ పరీక్ష

లైసిన్ కొలవడం ఖర్చుతో కూడిన పని. గింజలో లైసిన్, ట్రిప్టోఫాన్ సుమారు నాలుగుకు ఒకటిగా జంటగా కదులుతాయి. కాబట్టి వడపోతకు ట్రిప్టోఫాన్ ఒక్కటి చాలు. గ్లైఆక్సిలిక్ ఆమ్లంతో రంగు తెప్పించే పద్ధతి ఇది.

కండెకు 20, 30 గింజలు. ముందే తేల్చుకోండి, పూర్తి గింజా, ఒట్టి ఎండోస్పెర్మా. మొలకలో లైసిన్, ట్రిప్టోఫాన్ సహజంగానే ఎక్కువ. మొలక పెద్దదైన మామూలు రకం పూర్తిగింజ పరీక్షలో మంచిదిగా కనిపించొచ్చు. తుది ఎంపికలో ఎండోస్పెర్మ్ పరీక్షే నమ్మదగింది. అందుకు గింజలను అరగంట డిస్టిల్డ్ నీటిలో నానబెట్టి, పైపొరనూ మొలకనూ బ్లేడుతో తీసి, రాత్రంతా ఆరబెట్టండి. మెత్తగా పిండి పట్టి, కాగితపు పొట్లంలో కట్టి, సాక్స్‌లెట్‌లో హెక్సేన్‌తో 6 నుంచి 8 గంటలు నూనె తీయండి. నూనె మిగిలితే చివర్లో ద్రవం మసకబారి లెక్క ఎక్కువ చూపిస్తుంది.

పిండి 30 మి.గ్రా. తూచి గొట్టంలో వేయండి. ప్రోటీన్‌ను జీర్ణం చేసే పపైన్ ఎంజైము ద్రావణం 3 మి.లీ. పోయండి. పీహెచ్ 7 ఉన్న 0.1 నార్మల్ సోడియం ఎసిటేట్‌లో మి.లీ.కు 1 మి.గ్రా. పపైన్ కలిపి, ఏ రోజుది ఆ రోజే చేసుకోవాలి. మూతపెట్టి 65 డిగ్రీల ఓవెన్‌లో 16 గంటలు ఉంచండి. మొదటి గంటలో రెండుసార్లు కదపండి, పిండి అడుగున గడ్డకడితే జీర్ణం కాదు. చల్లార్చి, 3,600 జి వేగంతో 10 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేసి, పై తేట 1 మి.లీ. తీసుకోండి. దానికి రంగు ద్రావణం 3 మి.లీ. కలిపి, బాగా వోర్టెక్స్ చేసి, 65 డిగ్రీల్లో అరగంట ఉంచి, చల్లారాక స్పెక్ట్రోఫోటోమీటరులో 560 నానోమీటర్ల దగ్గర చదవండి.

రంగు ద్రావణంలో రెండు సగాలు. ఒకటి 7 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో 0.1 మోలార్ గ్లైఆక్సిలిక్ ఆమ్లం, అందులో 1.8 మిల్లీమోలార్ ఫెర్రిక్ క్లోరైడు. రెండోది 30 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లం. గాఢ ఆమ్లం 36 నార్మల్ కాబట్టి లీటరుకు 833 మి.లీ. పడుతుంది. ఆమ్లాన్నే నీళ్ళలోకి, కొద్దికొద్దిగా, గిన్నెను మంచునీళ్ళలో పెట్టి పోయాలి. నీళ్ళను ఆమ్లంలో పోస్తే చిమ్ముతుంది, కళ్ళు పోతాయి. కళ్ళద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఈ పనికి ఎవరినీ కూర్చోబెట్టకండి.

పపైన్‌లో కూడా ట్రిప్టోఫాన్ ఉంటుంది. పిండి వేయని పపైన్ గొట్టాలు రెండు పెట్టి, వాటి విలువను ప్రతి నమూనాలోంచి తీసేయకపోతే అన్నీ ఉత్తీర్ణులే అవుతాయి. ప్రతి బ్యాచ్‌లో 0 నుంచి 30 మైక్రోగ్రాముల దాకా ట్రిప్టోఫాన్ స్టాండర్డులు నడపండి. నిన్నటి స్టాండర్డుల గీతతో ఇవాళ్టి నమూనాను కొలవకూడదు. గీత వాలు 0.025, పపైన్ విలువ తీసేశాక నమూనా చదువు 0.205 అనుకుంటే, భాగిస్తే మి.లీ.కు 8.2 మైక్రోగ్రాములు. 3 మి.లీ.లో 24.6, దాన్ని 30,000 మైక్రోగ్రాముల పిండితో భాగించి నూరుతో హెచ్చిస్తే 0.082 శాతం.

అదే పిండిలో కెల్డాల్ పద్ధతిలో నత్రజని కొలిచి 6.25తో హెచ్చిస్తే ప్రోటీన్ వస్తుంది. ట్రిప్టోఫాన్‌ను ప్రోటీన్‌తో భాగించి నూరుతో హెచ్చిస్తే నాణ్యత సూచిక. పూర్తిగింజకు ట్రిప్టోఫాన్ 0.075 శాతం, సూచిక 0.8 దాటాలి. ఎండోస్పెర్మ్‌కు 0.070, 0.7.

రెండు హద్దులూ కలిపి ఎందుకో ఈ మూడు పూర్తిగింజ నమూనాలు చెబుతాయి. మొదటిది: ట్రిప్టోఫాన్ 0.080, ప్రోటీన్ 9.5, సూచిక 0.84. తీసుకోండి. రెండోది: 0.078, ప్రోటీన్ 12, సూచిక 0.65. ప్రోటీన్ ఎక్కువ కాబట్టి ట్రిప్టోఫాన్ హద్దు దాటింది కానీ, ఇది మామూలు గింజ. మూడోది: 0.062, ప్రోటీన్ 7, సూచిక 0.89. సూచిక బాగుంది కానీ గింజ నత్రజని లేక బక్కచిక్కింది. దీన్ని పారేయకుండా, సరైన ఎరువుతో మళ్ళీ పండించి చూడాలి.

బల్లకూ ప్రయోగశాలకూ పొత్తు కుదరనప్పుడు

మార్కు 1.5, సూచిక 0.6 వచ్చిందా? ముందు మార్కరు చూడండి. ఒపేక్-2 జంట కాకపోతే పుప్పొడి తప్పు, కండెను తీసేయండి. జంటే అయితే గట్టిపరిచే జన్యువులు వచ్చి, అమైనో ఆమ్లాలను కాచే జన్యువులు జారిపోయాయని అర్థం. గాజుగింజల వెంటపడి ఏరుతూ పోతే జరిగేది ఇదే. అదే కుటుంబంలో 2.5, 3 మార్కుల కండెలను వెనక్కి వెళ్ళి పరీక్షించండి. మార్కు 4, సూచిక 1.0 వస్తే దాన్ని దాతగా ఉంచుకోండి, రకంగా కాదు.

ఈ వెనక్కి వెళ్ళే అవకాశం కోసమే ప్రతి కండె గింజలనూ రెండు భాగాలు చేయాలి. ఒక భాగం పరీక్షకు, విత్తడానికి. రెండో భాగాన్ని 10 శాతం తేమకు ఆరబెట్టి, సిలికా జెల్‌తో మూత బిగుతుగా ఉన్న డబ్బాలో చల్లని గదిలో దాచండి. సముద్రగాలి తగిలే ఒంగోలు, కావలి, నెల్లూరు గదుల్లో గుడ్డసంచిలోని గింజ నెల తిరక్కుండానే తేమ పీల్చుకుంటుంది. ఇంకా మెత్తదనం వదలని కుటుంబాల గింజల్లోకే ముక్కుపురుగు ముందు దిగుతుంది. వాటి డబ్బాలను వేరే అరలో పెట్టి, పదిహేను రోజులకొకసారి అడుగున పొడి రాలిందేమో చూడండి.